పగిలిందని రాసిన ఫ్లాస్కు

జూలై 7, సోమవారం

ప్రసన్నకుమార్ ఫోన్ చేశాడు, ఏడేళ్ళ తర్వాత. నా దగ్గర పీహెచ్‌డీ చేసి, నా దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు దగ్గర్లోని కల్యాణి ఊళ్ళో సొంత ల్యాబ్ పెట్టుకున్నవాడు.

"మేడం, మంచిగున్నరా" అని మొదలుపెట్టాడు. వాడి మర్యాదకి ఎప్పుడూ లోటు ఉండదు. "మెటియాబ్రుజ్ చెరువుల నలభై ఒక్క శాంపిల్ తీసిన మేడం. మీ వైరస్ ఒక్క దాంట్ల గూడ దొరకలే. గంగల మూడు చోట్ల దొరికింది. జర్నల్‌కు రాస్తున్న. ముందుగాల మీకు చెప్పాలె అనిపించింది."

"చెప్పావుగా" అని పెట్టేశాను.

ఫోను బల్ల మీద బోర్లించాను. భయంతో కాదు, కోపంతో. పదిహేడేళ్ళు, పన్నెండు పేపర్లు. ఆ పన్నెండూ చెప్పేది ఒక్కటే: మంచినీటి నాచుని తినే ఈ పెద్ద వైరస్ ఆ చెరువులో ఉంది, ఇంకెక్కడా లేదు. దాన్ని నలుగురూ పిలిచేది మెటియాబ్రుజ్ వైరస్ అనే. నవంబరు 30న నా రిటైర్మెంట్. ఆ రోజు సభ కూడా పెట్టారు. వీడికి ఇప్పుడే గుర్తొచ్చిందా ముందుగాల చెప్పాలని.

జూలై 8

నలభై ఒక్కటి. నలభై సరిపోలేదు కాబోలు దొరగారికి.

జూలై 11, శుక్రవారం

వాడు తప్పు చేశాడు, నాకు తెలుసు. నీళ్ళు సన్న ఫిల్టరులో వడకట్టి ఉంటాడు. మామూలు వైరస్సులు వెతికేవాళ్ళందరూ చేసే పని అదే. మన వైరస్ ఒళ్ళున్న మనిషి, సన్న ఫిల్టరు మీదే కూర్చుండిపోతుంది. వీళ్ళు కింద కారిన నీళ్ళలో వెతుక్కుని, లేదని పేపరు రాస్తారు. ప్రపంచమంతా ముప్ఫై ఏళ్ళు ఈ పొరపాటే చేసింది. ముతక ఫిల్టరు వాడమని వాడికి నేర్పింది నేను.

ఈమెయిల్ పెట్టాను, ఏ ఫిల్టరు వాడావని. పది నిమిషాల్లో ఫొటో పంపాడు. ముతకదే. నేను నేర్పినదే. కింద "మీరు చెప్పినట్టే మేడం" అని రాశాడు. ఆ మాట చూస్తే ఒళ్ళు మండిపోయింది.

జూలై 15, మంగళవారం

సరే, నేనే తీస్తాను. దేముడిని వెంటబెట్టుకుని మెటియాబ్రుజ్ వెళ్ళాను.

దేముడు మా ల్యాబ్ అటెండరు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఓడల డాకులో పనికి వచ్చినవాడు. ఇల్లు ఆ చెరువు పక్క సందులోనే. ఇరవై రెండేళ్ళుగా ఫ్లాస్కులు కడిగేది, నాచుని ప్రతి సోమవారం కొత్త నీళ్ళలోకి మార్చి బతికించేది అతనే. రెండేళ్ళ కింద రిటైరయ్యాడు. కాంట్రాక్టు మీద నేనే నిలబెట్టాను, ఎందుకంటే ఇంకెవరు మార్చినా నాచు పాడవుతోంది.

చెరువులో దారప్పోగులు, గుర్రపుడెక్క, ఒక మూల నీలం మందు రంగు. కుట్టుపని చేసే ముసలాయన కిటికీలోంచి చూసి "దిదీ, ఆబార్?" అన్నాడు బెంగాలీలో. మళ్ళీనా, అని. వీళ్ళ దగ్గర కూడా నాకు పరువు లేదు.

దేముడు మోకాలి లోతు దిగి సీసాలు ముంచాడు. "ఏటమ్మా, ఇన్నేల్లకి మల్లీ మొదలెట్టినావు? దొరికేసింది కదా" అన్నాడు.

"దొరకలేదంటున్నారు కొందరు."

"ఎవులు?"

"ప్రసన్నకుమార్."

"మంచోడే కదమ్మా ఆడు" అన్నాడు. దారంతా నేను అతనితో మాట్లాడలేదు.

జూలై 22

పది ప్లేట్లు. నాచు పరిచిన ప్లేటు గడ్డి మడిలా ఉంటుంది, వైరస్ ఉన్నచోట గుండ్రంగా తెల్లటి చిల్లు పడుతుంది. పదింట్లో ఒక్క చిల్లు లేదు. అంతా పచ్చగా ఉంది.

జూలై 29

ఇరవై ప్లేట్లు. పచ్చగా.

ఆగస్టు 5

ముప్ఫై. పచ్చగానే. ప్రయోగశాలలో పచ్చరంగు చూస్తే చిర్రెత్తుకొస్తోంది.

ఆగస్టు 9, శనివారం

చెరువు మారిపోయింది, అంతే. దర్జీలు రంగునీళ్ళు పోశారు. డెంగీ వచ్చినప్పుడు బ్లీచింగ్ పోశారు. పాపం ఆ వైరస్ ఏం చేస్తుంది. ఈ నాచు మామూలుగా ఒక ఏకకణ జీవి కడుపులో దాక్కుని బతుకుతుంది, అక్కడున్నంతసేపు వైరస్ దాని జోలికి పోలేదు. బయటికి వచ్చిందా, ఒక్క పూటలో ఖతం. ఆ జీవే చెరువులో చచ్చిపోతే నాచు ఎక్కడిది, వైరస్ ఎక్కడిది. పదిహేడేళ్ళలో చెరువు చచ్చిందంటే నా తప్పా? ఇదే రాస్తాను జర్నల్‌కి.

దేముడితో చెప్పాను. "ఆ రంగునీల్లు నా సిన్నప్పట్నుంచీ ఉన్నయ్యమ్మా" అన్నాడు. ఇతన్ని ఎవరు అడిగారు?

ఆగస్టు 12, మంగళవారం

జర్నల్ నుంచి ఉత్తరం. 2008 సెప్టెంబరు నోట్‌బుక్కు పేజీలు కావాలట. ముఖ్యంగా కంట్రోల్ ఫ్లాస్కు ఏమైందో చెప్పాలట.

ఏడు ఫ్లాస్కుల్లో నాచు పెట్టాం. ఆరింటిలో చెరువు నీళ్ళు కలిపాం. ఏడో దాంట్లో ఏమీ కలపలేదు, అదే కంట్రోల్. ఆరూ తెల్లబడి ఏడోది పచ్చగా ఉంటే వైరస్ చెరువులోంచి వచ్చినట్టు. ఏడోదీ తెల్లబడితే వైరస్ ఇంకెక్కడినుంచో వచ్చినట్టు, ప్రయోగం మొత్తం పారెయ్యాల్సిందే. ఇది బీఎస్సీ పిల్లలకి చెప్పే పాఠం. నాకు చెప్తున్నారు.

నూట పన్నెండో పేజీ తీశాను. సెప్టెంబరు 19. నా చేతిరాతే. "ఆరు ఫ్లాస్కులు తెల్లబడ్డాయి. కంట్రోల్ ఫ్లాస్కు పగిలిపోయింది."

పగిలిపోయింది. గాజు పగులుతుంది. ల్యాబ్‌లో రోజూ ఏదో ఒకటి పగులుతుంది.

ఆగస్టు 13

గాజు అన్నాక పగులుతుంది.

ఆగస్టు 20, బుధవారం

డైరెక్టరు పిలిచాడు. నాకన్నా పదకొండేళ్ళు చిన్న. "బోషున్, మేరీ-ది" అని, అంటే కూర్చోండి మేరీ అక్కా అని, కుర్చీ చూపించి, తలుపు వేశాడు. నోట్‌బుక్కు పేజీల ఫొటోలు అతని ముందున్నాయి.

"సెప్టెంబరు పదిహేడు విశ్వకర్మ పూజ కదా. ఆ రోజు ల్యాబ్ తెరిచారా?"

"నేను రాలేదు" అన్నాను.

"పూజ ఎవరు చేశారు?"

ప్రతి ఏడాదీ చేసేది దేముడే. ఆ రోజు యంత్రాలు ముట్టుకోకూడదని అన్నీ ఆపేసి, బొట్టు పెట్టి, మావిడాకుతో గంగనీళ్ళు జల్లుతాడు. ఈ ఊళ్ళో ఏ వర్క్‌షాపులోనైనా అంతే. సంత్రాగాఛి రైల్వే యార్డులో ఫిట్టరుగా చేసిన మా నాన్న ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు, విశ్వకర్మ పూజనాడు స్పానర్లకి బొట్టు పెట్టించి పక్కనే చేతులు కట్టుకుని నిలబడేవాడు. నాకు మాత్రం ఆ పట్టింపులు లేవు. నేను చర్చికే వెళ్ళను, గంగనీళ్ళ దగ్గరికి వెళ్తానా.

దేముడు పేరు చెప్పాను, డైరెక్టరు తల ఊపాడు. "అయితే దారి ఉంది. అటెండరు మీకు తెలియకుండా గంగనీళ్ళు జల్లాడు, అవి ఫ్లాస్కుల్లో పడ్డాయి, వైరస్ గంగనుంచి వచ్చింది. నిజాయితీగా జరిగిన పొరపాటు. వైరస్ దొరికిన చోటు మారుతుంది, పేపర్లు నిలబడతాయి. మీ సభా ఉంటుంది. అతని చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించండి, చాలు."

నా పేరు ఉంటుంది. చెరువు పేరు పోతే పోనీ.

ఆగస్టు 21

ఉత్తరం రాశాను. "నాకు తెలియకుండా, నేను లేని సమయంలో." మూడుసార్లు చదివాను. ఇందులో అబద్ధం ఎక్కడుంది? నీళ్ళు జల్లింది అతనేగా. దూదిమూతల్లోంచి నాలుగు చుక్కలు దిగి ఉంటాయి. ఒక్క మనిషి మూర్ఖభక్తికి నా పదిహేడేళ్ళు బలి. ఎవరికి చెప్పుకోవాలి ఈ కడుపుమంట.

ఆగస్టు 22

ఆ రోజు నేను రాలేదు.

ఆగస్టు 23

వచ్చాను. రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయాను.

ఆగస్టు 25, సోమవారం

పూజ ప్రసాదం ఖిచుడీ తిని వెళ్ళాను. అయితే ఏమిటి? ఖిచుడీ తినడం నేరమా?

ఆగస్టు 30, శనివారం

దేముడి ఇంటికి వెళ్ళాను. ల్యాబ్‌లో అడగొచ్చు, కానీ ల్యాబ్‌లో అందరి ముందూ వద్దనిపించింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా రాయను.

అతని భార్య అప్పలలక్ష్మి పీట వేసింది. "నువ్వొచ్చినావేటమ్మా, కబురెడితే ఆయనే వొచ్చీవోరు కదా" అని టీ పెట్టడానికి లేచింది. దేముడు లుంగీ సర్దుకుని మంచం మీద కూర్చున్నాడు. కాగితం ఇచ్చాను. ఇంగ్లీషు. అటూ ఇటూ తిప్పి తిరిగి ఇచ్చాడు.

"సదివి ఇనిపించు."

తెలుగులో చెప్పాను. "నాకు తెలియకుండా" దగ్గర గొంతు తగ్గించి గబగబా దాటేశాను.

"మల్లీ సదువు."

మళ్ళీ చదివాను. ఈసారి దాటలేకపోయాను.

దేముడు కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. అప్పలలక్ష్మి టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"నీకు తెలీకుండానా?" అన్నాడు. "ఆ రోజు నాను మావిడాకు అట్టుకుని మెషిన్లకి జల్లుతుంటే నువ్వేటన్నావు? మూడేల్లయింది దేముడూ, ఒక్కటీ రాలేదు, ఈ ఫ్లాస్కుల మీద కూడా జల్లు అన్నావు. దూది ఉంటే నీరెలాగ పడతాదమ్మా అని నానన్నాను. అప్పుడు నువ్వే తీసినావు. ఏడూ నీ సేత్తోనే తీసినావు. నవ్వుతా తీసినావు."

"నాకు గుర్తులేదు."

"నాకుంది."

"కంట్రోల్ పగిలిపోయింది కాబట్టి మనం ఏదీ కచ్చితంగా..." అని మొదలుపెట్టాను. ఇతనితో ఎందుకు చెప్తున్నానో నాకే తెలియలేదు.

"పగలడమేటి?" అన్నాడు. "రెండ్రోజులు పోయాక ఏడూ తెల్లబడిపోనాయి. నువ్వు ఆ ఏడోదాన్ని సింకులో ఒంపేసినావు. నానే కడిగినాను. ఇప్పటికీ వోడతన్నాం దాన్ని."

అప్పలలక్ష్మి గ్లాసులు కింద పెట్టింది. "మరి ఈయన పేరెందుకమ్మా ఎడతన్నావు?" అని నెమ్మదిగా అడిగింది. అందులో కోపం కూడా లేదు. తెలుసుకోవాలని అడిగింది.

జవాబు దేముడే చెప్పాడు, నావైపు చూస్తూ. "ఆ పురుగు దొరికిందన్నప్పుడు పన్నెండు కాయితాలు రాసినావు. ఒక్కదాంట్లోనూ నా పేరు లేదు. నాను అడగలేదు. ఇప్పుడు పోయిందన్నప్పుడు నా పేరు గుర్తొచ్చిందా?"

అరవలేదు అతను. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని.

"జల్లినాను. కాదన్ను. నువ్వు మూత తీసినావు, ఒంపేసినావు. ఆ ముక్కలు కూడా రాయి, ఇద్దరం ఎడదాం సంతకం. నానొక్కడ్నే ఎట్టను."

అప్పుడు అన్నాను. "నీ కాంట్రాక్టు నా సంతకం మీద నడుస్తోంది దేముడూ, గుర్తుంచుకో" అన్నాను. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో, ఫోర్‌మన్ మా నాన్నతో ఇలా మాట్లాడితే పళ్ళు నూరుకున్న పిల్లని నేను. అదే మాట నా నోట వచ్చింది, తడుముకోకుండా వచ్చింది.

దేముడు కాగితం మడతపెట్టి నా సంచిలో పెట్టాడు. "అలాగైతే సోమారం నుంచి రానమ్మా. టీ తాగి ఎల్లు."

తాగాను. అది కూడా రాస్తున్నాను.

ఆగస్టు 31, ఆదివారం

గుర్తుంది. అంతా గుర్తుంది. ఏ రోజూ మరిచిపోలేదు.

మూడేళ్ళు ఊళ్ళో ఉన్న చెరువులన్నీ ముంచాను. డిసెంబరులో ప్రాజెక్టు మూసేస్తామన్నారు. పూజనాడు ఖిచుడీ వాసన వస్తోంది, దేముడు ఆకు పట్టుకుని తిరుగుతున్నాడు, ఏడు ఫ్లాస్కులూ పచ్చగా కూర్చుని ఉన్నాయి. నవ్వుతూనే తీశాను దూదులు. నవ్వు పైపైనే. లోపల నమ్మకం లేకపోతే ఎవరు తీస్తారు? ఏ పాఠంలో ఉంది, మూతలు తీసి నది నీళ్ళు జల్లించమని? మొదటి ఏడాది విద్యార్థి చేస్తే ల్యాబ్‌లోంచి గెంటేసేదాన్ని.

పంతొమ్మిదో తారీఖు ఉదయం వెలుతురులో పెట్టి చూశాను. ఆరు తెల్లగా ఉన్నాయి. ఎగిరి గంతేశాను. తర్వాత ఏడోది చూశాను. అదీ తెల్లగా ఉంది. సింకు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కుళాయి తిప్పిన చప్పుడు గుర్తుంది. తర్వాత వెళ్ళి పెన్ను తీసి పగిలిపోయిందని రాశాను. ఆ పేజీలో అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి.

ప్రసన్నకుమార్‌ని తిట్టాను, చెరువుని తిట్టాను, దర్జీలని తిట్టాను, దేముడి భక్తిని తిట్టాను. తిట్టాల్సింది ఒక్క మనిషిని. ఆ ఏడో ఫ్లాస్కు తెల్లబడినప్పుడు ఆ నీళ్ళు ఎక్కడివని ఒక్క మాట అడిగి ఉంటే దేముడు చెప్పేవాడు, ఏ ఘాట్ నుంచి పట్టుకొచ్చాడో. సీసా పట్టుకుని గంగకి వెళ్ళేదాన్ని. పదిహేడేళ్ళ ముందే దొరికేది. అబద్ధం ఆడి పేరు నిలబెట్టుకున్నాను అనుకున్నాను. అసలు ఆ సింకులో ఒంపేసింది నేను వెతుకుతున్నదాన్నే. ఇంత చదువూ చదివి ఇంత మొద్దుగా ఎలా ఉన్నానో అర్థం కావడం లేదు.

సెప్టెంబరు 1, సోమవారం

దేముడు రాలేదు. నాచు మార్చే రోజు. నేనే మార్చడానికి కూర్చున్నాను. ఏ అరలోది ముందు మార్చాలో తెలియలేదు. అతను ఏ నీళ్ళు ఎంత చల్లబడ్డాక పోస్తాడో తెలియలేదు. పదకొండు ఫ్లాస్కుల్లో రెండు పాడుచేశాను.

డైరెక్టరు అడిగాడు, సంతకం అయిందా అని. కాలేదన్నాను. "చూడండి మేరీ-ది, సభకి కార్డులు అచ్చుకి వెళ్ళాలి" అన్నాడు.

"ఆపండి" అన్నాను. అతని మొహం చూడాల్సింది.

సెప్టెంబరు 2, మంగళవారం

కొత్త ఉత్తరం రాశాను. మొదటి వాక్యం: ఫ్లాస్కుల మూతలు తీసింది నేనే. రెండోది: నీళ్ళు జల్లమన్నదీ నేనే. మూడోది: కంట్రోల్ ఫ్లాస్కు పగల్లేదు, తెల్లబడింది, నేను ఒంపేశాను. నాలుగోది: పన్నెండు పేపర్లూ వెనక్కి తీసుకుంటున్నాను. గంగలో ఈ వైరస్‌ని వెతికి చూపించింది ప్రసన్నకుమార్ అని కూడా రాశాను, పళ్ళు నూరుకుంటూ రాశాను. వాడి మీద కోపం ఇంకా పోలేదు. పోదు కూడా. సరిగ్గా చేసినవాడి మీద కోపం పోవడం చాలా కష్టం.

కింద రెండు సంతకాలకి చోటు వదిలాను. ఇంగ్లీషుది కాక, అతని కోసం తెలుగులో ఇంకొక ప్రతి కూడా చేశాను. నా పేరు టైపు కొట్టాను. తర్వాత దేముడు అని కొట్టాను. ఇంటిపేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. నెలనెలా నేను సంతకం పెట్టిన కాంట్రాక్టు కాగితాలన్నీ తీసి చూశాను. అన్నిట్లోనూ "దేముడు, అటెండరు" అనే ఉంది.

ఫోన్ చేశాను. అప్పలలక్ష్మి ఎత్తింది.

"ఆయన మాటాడనంటున్నారమ్మా."

"మాట్లాడక్కర్లేదు. ఉత్తరం మార్చి రాశాను. ఆయన చెప్పిన ముక్కలన్నీ రాశాను. ఇంటిపేరు ఒక్కటి చెప్పు, చాలు."

"ఇరవై రెండేల్లు పన్జేయించుకున్నావు, ఇంటిపేరు తెల్దేటమ్మా?" అంది.

"తెలియదు" అన్నాను.

ఫోన్ చేతులు మారిన చప్పుడు. దేముడి గొంతు, పొడిగా.

"గనగళ్ళ. గనగళ్ళ దేముడు. రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"ముందు నీ పేరెట్టు, తరవాత నాది. మూతలు తీసినాకే కదా నీల్లు జల్లినాను."